శవపరీక్షకు బదులు స్కానింగు చాలునా?

అనుమానాస్పద పరిస్థితులలోనో, అకస్మాత్తుగానో ఒక ముస్లిం మరణించినప్పుడు ఆ ఇంటివారిపై ఒకేసారి రెండు కష్టాలు వచ్చి పడతాయి. మొదటిది మరణదుఃఖం, రెండవది మార్చురీ వరండా. మయ్యిత్ లోపల ఉంటుంది. గుస్ల్ చేయించవలసిన వారు, కఫన్ బట్ట తెచ్చినవారు, ఖబ్ర్ తవ్వించి వచ్చినవారు బయట బల్లలపై కూర్చుని ఉంటారు. పంచనామా కాగితాలు రావాలి, డాక్టరుగారు రావాలి. జుహ్ర్ తరువాత అనుకున్న జనాజా అస్ర్‌కు, అస్ర్‌కు అనుకున్నది మరునాటికి జరుగుతూ పోతుంది. కోయకుండా ఇచ్చేస్తే ఏమవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు. దానికి అక్కడ ఎవరూ సమాధానం చెప్పరు.

ఆ సమాధానం ఇప్పుడు యంత్రం చెప్పిందని ఇటీవలి సంవత్సరాలలో ఒక వాదం బయలుదేరింది. సి.టి. స్కానింగు యంత్రంలో శవాన్ని ఉంచితే కొద్ది నిమిషాలలో మరణకారణం తెలిసిపోతుందనీ, షరీఅత్ శవాన్ని కోయడాన్ని నిషేధించింది గనుక ఇక మీదట ముస్లింలు ఏ సందర్భంలోనూ పోస్టుమార్టానికి ఒప్పుకోనవసరం లేదనీ ఆ వాదం సారాంశం. వినడానికి ఇంపుగా ఉన్న ఈ మాటలో రెండు భాగాలున్నాయి. ఒకటి వైద్యానికి సంబంధించినది, మరొకటి ఫిఖ్హ్‌కు సంబంధించినది. రెండింటిలోనూ కొంత నిజముంది. ఆ కొంత నిజాన్నే పూర్తి నిజమని చెప్పడం వల్ల వచ్చే నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కవేయడం లేదు. వైద్యపరిశోధనలు ఏమి చెప్పాయో, ఫత్వాలు ఏమి చెప్పాయో వాటి మూలాలలో చదివి చూస్తే ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది.

ముందుగా వైద్యం. శవాన్ని కోయకుండా లోపల చూడాలన్న కోరిక కొత్తది కాదు. 1895లో రాంట్జెన్ ఎక్స్‌రేను కనుగొన్నాడు. హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో 1971లో తొలిసారి ఒక రోగి మెదడును చిత్రించారు. 1977 నాటికే జర్మనీలో తలలో తూటా దిగి మరణించిన వారిని ఈ యంత్రంతో పరిశీలించి రాశారు. కానీ దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దినవారు స్విట్జర్లాండులోని బెర్న్ నగరానికి చెందిన డిర్న్‌హోఫర్, థాలీ మొదలైన న్యాయవైద్య నిపుణులు. 1990ల చివర మొదలైన తమ పద్ధతికి వారు 'వర్టాప్సీ' అని పేరు పెట్టారు. ఆటాప్సీ అనే గ్రీకు మాటకు స్వయంగా తన కళ్లతో చూడడమని అర్థం. ఆ మాటలోని 'స్వయంగా' అన్న భాగాన్ని వారు కావాలనే తీసివేశారు. ఒక్క డాక్టరు కంటిచూపుపై ఆధారపడకుండా ఎవరైనా ఎప్పుడైనా మళ్లీ చూసి సరిచూడగల సాక్ష్యం ఉండాలన్నది వారి ఉద్దేశం. స్కానింగును పొగిడేవారు సాధారణంగా విడిచిపెట్టే విషయం ఇదే. దీని ప్రయోజనం ఏమిటో తరువాత తెలుస్తుంది.

బెర్న్ నిపుణులు 2003లో తమ మొదటి 40 కేసుల ఫలితాలను ప్రకటించారు. శవపరీక్షలో తేలిన మరణకారణాలు 47 కాగా, చిత్రాలు మాత్రమే చూసి చెప్పగలిగినవి 26. అంటే సగానికి కొంచెం ఎక్కువ. కొత్త పద్ధతిని కనిపెట్టినవారే తమ లోటును ఇంత నిజాయితీగా చెప్పుకున్నారు. దాన్ని ప్రచారం చేసేవారు ఆ అంకెను మాత్రం ఎక్కడా ఎత్తరు.

అసలు పరీక్ష ఇంగ్లాండులో జరిగింది. ముస్లింలు, యూదులు శవాన్ని కోయడంపై ఆక్షేపణ తెలుపుతూ వచ్చిన దేశం అది. అక్కడి ఆరోగ్యశాఖ ఆర్థిక సహాయంతో మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్ నగరాలలో 182 మంది వయోజనుల శవాలను ముందు సి.టి.తోనూ, ఎం.ఆర్.ఐ.తోనూ చిత్రించారు. తరువాత మామూలు శవపరీక్ష చేశారు. చిత్రాలు చూసిన రేడియాలజిస్టులకు శవపరీక్షలో ఏమి తేలిందో తెలియనివ్వలేదు. ఇయాన్ రాబర్ట్స్, ఆయన సహచరులు ఈ ఫలితాలను 2012లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. ఈ విషయం మాట్లాడే ప్రతివారూ దీన్ని ఉదహరిస్తారు గాని, పూర్తిగా చదివినవారు తక్కువ.

మరణకారణం విషయంలో సి.టి. చెప్పినదానికీ శవపరీక్షలో తేలినదానికీ నూటికి 32 కేసులలో పెద్ద తేడా వచ్చింది. మరింత ఖరీదైన ఎం.ఆర్.ఐ. విషయంలో ఆ తేడా నూటికి 43. ఖరీదు ఎక్కువైన యంత్రం ఎక్కువ నిజం చెబుతుందని అనుకునేవారు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కేసులో నాకు సందేహం లేదు, కోయనవసరం లేదు అని రేడియాలజిస్టులు సి.టి. చూసి ధైర్యంగా చెప్పినవి 62. ఆ 62లో కూడా నూటికి 16 చొప్పున, అంటే దాదాపు పది కేసులలో వారు చెప్పిన కారణం తప్పు. పొరపాట్లు ఎక్కువగా ఎక్కడ జరిగాయంటే గుండెకు రక్తం అందక మరణించిన వారిలో, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిన వారిలో, న్యుమోనియాలో, కడుపులోని వ్యాధులలో. అకస్మాత్తుగా మరణించేవారు ఎక్కువమంది ఈ కారణాలతోనే మరణిస్తారు. యంత్రం అన్నిటికంటె బలహీనంగా ఉన్నచోటనే దాని అవసరం అన్నిటికంటె ఎక్కువ.

ఈ పరిశోధకులు ఒక ఓదార్పు మాట కూడా రాశారు. రేడియాలజిస్టు ధైర్యంగా చెప్పిన కేసులలోని పొరపాట్లు, శవపరీక్ష లేకుండా డాక్టర్లు రాసే మరణధ్రువపత్రాలలోని పొరపాట్లతో సమానంగా ఉన్నాయనీ, కనుక చట్టం దృష్టిలో వాటిని అంగీకరించవచ్చుననీ వారి అభిప్రాయం. ఇది అంత తేలికగా ఒప్పుకోదగిన మాట కాదు. మరణధ్రువపత్రం సరిపోదని అనుమానం వచ్చినప్పుడే గదా శవపరీక్ష అడుగుతారు! అనుమానం లేని చోట సహించే పొరపాటును అనుమానమున్న చోట కూడా సహించవచ్చునంటే ఇక పరీక్ష దేనికి? అయితే ఆ పరిశోధకులు అక్కడితో ఆగలేదు, అది వారి నిజాయితీ. ఈ లోపాలను సవరించకుండా శవపరీక్ష స్థానంలో స్కానింగును పెడితే మరణాల లెక్కలన్నీ ఒకే వైపు తప్పిపోతాయని కూడా హెచ్చరించారు.

యంత్రం ఎందుకు తప్పుతుందో తెలిస్తే దానిని ఎక్కడ నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. సి.టి. యంత్రం శరీరం చుట్టూ ఎక్స్‌రే గొట్టాన్ని తిప్పి, ఏ చోట కిరణాలు ఎంత అడ్డగింపబడ్డాయో లెక్కగట్టి పలుచని ముక్కలుగా చిత్రాలు ఇస్తుంది. దానికి కనిపించేది సాంద్రతలోని తేడా. ఎముక గట్టిది, తూటా మరింత గట్టిది, గాలి పలుచనిది. కాబట్టి విరిగిన పక్కటెముకను, తలలోని రక్తస్రావాన్ని, మాంసంలో దాక్కున్న తూటా ముక్కను, ఉండకూడని చోట ఉన్న గాలిని అది చక్కగా పట్టుకుంటుంది. కొన్నిసార్లు కత్తి కంటె బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే కత్తి వీపు వైపు ఎముకల దాకా ప్రతిసారీ వెళ్లదు. కానీ రక్తనాళంలోని గడ్డకూ నిలిచిపోయిన రక్తానికీ సాంద్రతలో తేడా స్వల్పం. పైగా గుండె ఆగిన తరువాత రక్తం దానంతటదే గడ్డకడుతుంది. చంపిన గడ్డ ఏది, చనిపోయిన తరువాత ఏర్పడిన గడ్డ ఏది అన్నది చిత్రంలో విడదీయడం కష్టం. వెల్లకిలా పడుకోబెట్టిన శవంలో రక్తం ఊపిరితిత్తుల వెనుక భాగానికి దిగిపోతుంది. చిత్రంలో అది న్యుమోనియాలా కనిపిస్తుంది.

ఇక విషం సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలోని మార్చురీలకు వచ్చే మరణాలలో పురుగుల మందు మరణాలు ఎన్ని ఉంటాయో ఆ డాక్టర్లను అడగనక్కరలేదు, దినపత్రికలు చదివేవారికే తెలుసు. పురుగుల మందు ఎముకలను విరగ్గొట్టదు, రక్తస్రావం చేయించదు. నరాలకూ కండరాలకూ మధ్య నడిచే రసాయన వ్యవహారాన్ని స్తంభింపజేస్తుంది. ఏ స్కానింగు యంత్రానికీ ఆ జాడ కనిపించదు. జీర్ణాశయం, పేగు, కాలేయం, మూత్రపిండం, వీటి భాగాలు ఉప్పునీటి సీసాలలో ఫోరెన్సిక్ ప్రయోగశాలకు వెళ్లవలసిందే. కోడలికి అన్నంలో ఏదో కలిపారని పుట్టింటివారు అనుమానించిన కేసులో స్కానింగు చాలని పట్టుబట్టేవారు ఎవరి పక్షాన నిలుస్తున్నారో ఆలోచించాలి.

ఇంగ్లాండులోనే లీస్టర్ నగరంలో గయ్ రట్టీ బృందం ఈ లోపాలలో ఒకదాన్ని సవరించడానికి ప్రయత్నించింది. మెడలోని ధమని ద్వారా సన్నని గొట్టాన్ని పంపి, గుండె రక్తనాళాలలో చిత్రానికి కనిపించే ద్రవాన్ని నింపి, అప్పుడు స్కాన్ చేశారు. 2017లో 'లాన్సెట్'లోనే వచ్చిన వారి ఫలితాల ప్రకారం లెక్కలోకి తీసుకున్న 210 కేసులలో 193లో, అంటే నూటికి 92 కేసులలో మరణకారణం చెప్పగలిగారు. 2012 నాటి అంకెల పక్కన పెట్టి చూస్తే ఇది గొప్ప ముందడుగు. మరొక విషయంలో కూడా ఈ పరిశోధన మునుపటి దాని కంటె న్యాయంగా ఉంది. 2012 నాటి పరిశోధన కత్తి చెప్పినదే సత్యమని ముందే అనుకుని, యంత్రాన్ని దానితో తూచింది. లీస్టర్ బృందం రెండింటినీ కలిపి చూసింది. అలా చూడగా దెబ్బలను, రక్తస్రావాలను యంత్రం ఎక్కువగా పట్టుకుందనీ, ఊపిరితిత్తుల గడ్డలను కత్తి ఎక్కువగా పట్టుకుందనీ తేలింది. కత్తికి కూడా గుడ్డిచోట్లు ఉన్నాయన్న మాట.

కానీ ఆ 92 అన్న అంకె కారణం చెప్పగలిగిన కేసులదని మరువరాదు. మరణకారణం వేరు, మరణం ఎలా సంభవించిందన్నది వేరు. తలలో రక్తస్రావం జరిగిందని యంత్రం చెబుతుంది. పడిపోవడం వల్లనా, తోసివేయడం వల్లనా అన్నది అది చెప్పదు. దానికి ఒంటిపై గాయాలను కంటితో చూడాలి, ఘటనాస్థలాన్ని చూడాలి, మనుషులను విచారించాలి.

ఇప్పుడు రెండవ భాగం. షరీఅత్ శవాన్ని కోయడాన్ని ఎల్లవేళలా నిషేధించిందని చెప్పేవారు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసును ఆధారంగా చూపుతారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఆ హదీసు భావం, మృతుని ఎముకను విరచడం బ్రతికి ఉన్నవాని ఎముకను విరచడం వంటిదని. మహాప్రవక్త (స) మాట ముందు ఏ యంత్రం మాటకూ, ఏ ప్రభుత్వం మాటకూ విలువ లేదు. అయితే ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో కొందరు వ్యాఖ్యాతలు తెలిపారు. ఖబ్ర్ తవ్వుతున్న ఒకడు బయటపడిన ఎముకను విరచబోగా, దాన్ని విరచవద్దనీ ఒక పక్కన మట్టిలో కప్పిపెట్టమనీ ప్రవక్త (స) చెప్పారట. అక్కడ ఆ ఎముకను విరచవలసిన అవసరమేదీ లేదు. నిర్లక్ష్యమే ఉంది.

అవసరం ఉన్నచోట ఫుఖహా ఏమన్నారో చూడాలి. గర్భిణి మరణించి కడుపులో శిశువు సజీవంగా ఉన్నట్లు తెలిస్తే తల్లి కడుపు కోసి శిశువును తీయవచ్చునని హనఫీ, షాఫిఈ పండితులు అనుమతించారు. హంబలీ మజ్హబ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ఇందుకు విరుద్ధం. అంటే ఇది మొదటినుండీ తూకం వేసి చూసిన విషయమే గాని, కళ్లు మూసుకుని చెప్పిన విషయం కాదు. ఇబ్నె నఫీస్ వంటి మహావైద్యుడు శవచ్ఛేదం చేయకుండా షరీఅత్, తన స్వభావంలోని కరుణ తనను ఆపాయని రాసుకున్నాడు. ఊపిరితిత్తుల గుండా జరిగే రక్తప్రసరణను మొదటిసారి సరిగా వర్ణించినవాడు కూడా ఆయనే. ఆ రెండు సంగతులూ ఒకే మనిషివి.

నిషేధపక్షం వారు హత్య జరిగినప్పుడు ఇస్లాం ఏమి కోరుతుందన్న ప్రశ్న దగ్గరకు రారు. ఖైబర్‌లో అబ్దుల్లా బిన్ సహల్ (రజి) హత్యకు గురై పడి ఉన్నప్పుడు హంతకుడెవరో తేలలేదు. బంధువులు తాము చూడనిదానికి ప్రమాణం చేయలేమన్నారు. ఎదుటి పక్షం వారి ప్రమాణాన్ని నమ్మలేమన్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆ రక్తం వృథా పోకూడదని నూరు ఒంటెల దియత్ తామే చెల్లించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్న సంఘటన ఇది. ఒక మనిషి రక్తం లెక్కలేకుండా పోవడం ఎంత పెద్ద విషయమో ఇందువల్ల తెలుస్తుంది. మయ్యిత్ గౌరవమంటే దాని చర్మాన్ని కాపాడడం మాత్రమే కాదు. దానికి జరిగిన అన్యాయాన్ని కప్పిపెట్టకుండా ఉండడం కూడా ఆ గౌరవంలో భాగమే.

ఈ రెండింటినీ తూచి ఇరవయ్యో శతాబ్ది ఉలమా నిర్ణయాలు చేశారు. సౌదీ అరేబియా అగ్ర ఉలమా మండలి హిజ్రీ 1396లో, అంటే 1976లో చేసిన 47వ తీర్మానం నేరపరిశోధన కోసమూ, అంటువ్యాధుల పరిశీలన కోసమూ శవపరీక్షను అనుమతించింది. వైద్యవిద్య కోసం చేసే శవచ్ఛేదానికి మాత్రం గట్టి హద్దులు పెట్టింది. మక్కాలోని ఫిఖ్హ్ మండలి 1987లో తన పదవ సమావేశంలో అదే విషయాన్ని మరింత స్పష్టం చేసింది. నేరకేసులో మరణకారణం తెలుసుకోవడం ఖాజీకి కష్టమై, శవపరీక్షయే మార్గమని తేలినప్పుడు అది అనుమతించబడుతుంది. కానీ అవసరమైనంత మేరకే జరగాలి. స్త్రీల శవాలను స్త్రీ డాక్టర్లే పరీక్షించాలి, వారు దొరకని పక్షంలోనే ఇతరులు. తీసిన భాగాలన్నిటినీ ఖననం చేయాలి.

ఈ తీర్మానాలను వాడుకునేవారిలో కూడా ఒక పొరపాటు కనిపిస్తుంది. నిషేధపక్షం వారు వీటిని చదవరు. అనుమతిపక్షం వారు సగం చదివి, ఉలమా ఒప్పుకున్నారు గనుక ఇక అడ్డులేదంటారు. తీర్మానంలోని ప్రాణం 'శవపరీక్షయే మార్గమని తేలినప్పుడు', 'అవసరమైనంత మేరకే' అన్న రెండు షరతులలో ఉంది. అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుందన్న సూత్రాన్ని అందరూ చెబుతారు. అవసరాన్ని దాని కొలత మేరకే కొలవాలన్న సూత్రం దాని పక్కనే ఉంది. 1976లో సి.టి. యంత్రం పుట్టి అయిదేళ్లు, 1987లో అది రోగులకే చాలని రోజులు. ఆనాడు అవసరం కొలత అంటే కత్తి తప్ప మరొకటి లేదు. ఈనాడు ఉంది. కాబట్టి లారీ కింద పడి తల చితికి మరణించిన మనిషి విషయంలో స్కానింగుతోనూ, పైపరీక్షతోనూ కారణం తేలిపోతున్నప్పుడు, అలవాటు ప్రకారం గొంతు నుండి కడుపు దాకా కోయడానికి ఆ తీర్మానాలను ఆధారంగా చూపడం వాటికి విరుద్ధమే. తీర్మానం మారలేదు, దాని షరతు వర్తించే హద్దు మారింది. మృతుని ఆరోగ్యం గురించి ఏమీ తెలియని ఆకస్మిక మరణంలో, విషం అనుమానమున్న మరణంలో, హత్య అనుమానమున్న మరణంలో ఆ హద్దు ఇంకా చాలావరకు పాతచోటనే ఉంది.

స్కానింగు సాక్ష్యాన్ని ఎలా చూడాలన్నదానికి ఫిఖ్హ్‌లో దారి లేకపోలేదు. సూరె యూసుఫ్‌లో యూసుఫ్ (అలై) చొక్కా రెండుసార్లు సాక్ష్యంగా వస్తుంది. మొదటిసారి అన్నలు దానికి దొంగ రక్తం పూసి తెస్తారు. తోడేలు తిన్నవాని చొక్కా చిరగకుండా ఎలా ఉందని యాఖూబ్ (అలై) అనుమానించినట్లు ముఫస్సిరులు వివరించారు. రెండవసారి చొక్కా వెనుక వైపు చిరిగి ఉండడమే యూసుఫ్ (అలై) నిర్దోషిత్వాన్ని నిరూపిస్తుంది. ఇబ్నె ఖయ్యిమ్ వంటి పండితులు సూచనసాక్ష్యం గురించి రాసినప్పుడు ఈ చొక్కాను ఆధారం చేసుకున్నారు. వస్తువు అబద్ధమాడదు గాని, దాని చేత అబద్ధమాడించవచ్చు. దాన్ని చదివేవాడు యాఖూబ్ (అలై) వలె లేనిదాన్ని కూడా గమనించాలి. స్కానింగు చిత్రం కూడా అటువంటి చొక్కాయే. ఎముక విషయంలో, తూటా విషయంలో, రక్తస్రావం విషయంలో అది నమ్మదగిన సాక్షి. రక్తపు గడ్డ విషయంలో బలహీన సాక్షి. విషం విషయంలో అసలు ఘటనాస్థలంలోనే లేని సాక్షి. సాక్షి చూసిన విషయంలోనే అతని మాట చెల్లుతుంది.

ఇంగ్లాండు హైకోర్టు 2015లో ఒక యూదు వృద్ధురాలి కేసులో ఇంచుమించు ఇదే పద్ధతిలో ఆలోచించింది. కుటుంబానికి స్థిరమైన మతవిశ్వాసం ఉండి, కోయకుండా కారణం తేలే అవకాశం వాస్తవంగా ఉండి, ఆలస్యం కాకుండా, తరువాత కోయవలసివచ్చినా దానికి హాని లేకుండా, ప్రభుత్వానికి అదనపు ఖర్చు పడకుండా జరిగేటట్లయితే ముందు స్కానింగు చేయాలని తీర్పు చెప్పింది. హత్య అనుమానం వంటి బలమైన కారణముంటే ఆ హక్కు ఉండదు. ముందు స్కానింగు, అది చాలనప్పుడే కత్తి. తీర్పు మంచిదే. ఆ ఖర్చు షరతు ఒక్కటే గుచ్చుకుంటుంది. 2013లో షెఫీల్డ్‌లో వచ్చిన డిజిటల్ శవపరీక్షా కేంద్రంలో కుటుంబం సుమారు 500 పౌండ్లు చెల్లించవలసి వచ్చింది. ఉన్నవాని మయ్యిత్‌కు ఒక గౌరవం, లేనివాని మయ్యిత్‌కు మరొకటి అన్న స్థితిని ఏ ఫిఖ్హ్ మండలీ ఆమోదించదు. ముస్లిం దేశమైన మలేసియాలో కౌలాలంపూర్ ప్రభుత్వ ఆసుపత్రి 2010లోనే శవాల కోసం సి.టి. యంత్రాన్ని పెట్టింది.

భారతదేశంలో 2021 మార్చిలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఈ పద్ధతి మొదలైంది. అంతటి సౌకర్యం జిల్లా ఆసుపత్రి మార్చురీకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించడం కష్టం. కానీ చట్టం అడ్డు అనే మాట సరికాదు. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 174వ సెక్షన్ గాని, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ గాని శవాన్ని డాక్టరు పరీక్షించడం కోసం పంపాలంటాయి గాని, కోసి తీరాలని అనవు. కోయడం అలవాటుగా స్థిరపడింది. జాప్యం విషయంలో కూడా కొంత మేలు జరిగింది. సూర్యాస్తమయం తరువాత పోస్టుమార్టం చేయరాదన్న పాత పద్ధతిని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో సడలించింది. వసతి ఉన్న ఆసుపత్రులలో రాత్రి కూడా చేయవచ్చు. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పద మరణం వంటివి మాత్రం మినహాయింపు. ఈ ఉత్తర్వు గురించి తెలిసి ఆసుపత్రిలో అడిగే మస్జిద్ కమిటీలు ఎన్ని ఉన్నాయో తెలుసుకుంటే స్కానింగు యంత్రం కోసం ఎదురుచూసే లోపల చేయగలిగిన పని ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది.

బెర్న్ నిపుణులు 'స్వయంగా' అన్న మాటను తీసివేసిన సంగతి ఇక్కడ అక్కరకు వస్తుంది. 2019 డిసెంబరు 6న హైదరాబాదు సమీపంలోని చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో నలుగురు మరణించారు. మొదటి పోస్టుమార్టం జరిగిన తరువాత కూడా శవాలను అప్పగించలేదు. తెలంగాణ హైకోర్టు ఆదేశంపై డిసెంబరు 23న ఢిల్లీ నుండి వచ్చిన వైద్యబృందం గాంధీ ఆసుపత్రిలో రెండవసారి పోస్టుమార్టం చేసింది. ఆ నలుగురిపై ఉన్న ఆరోపణ ఏదైనా, న్యాయవైద్యం దృష్టిలో సమస్య ఒక్కటే. ఒకసారి కోసిన శవం మళ్లీ మొదటి స్థితికి రాదు. రెండవ డాక్టరు చూసేది మొదటి డాక్టరు చేతులు పడిన శరీరాన్ని. మొదటి కోతకు ముందే తీసిన పూర్తి స్కానింగు ఉంటే, తూటా ఏ దిక్కునుండి వచ్చి ఎక్కడ ఆగిందో పదిహేడు రోజుల తరువాతనే కాదు, పదిహేడు సంవత్సరాల తరువాత కూడా వేరొక నిపుణుడు వేరొక ఊరిలో కూర్చుని చూడవచ్చు. లాకప్ మరణాలలో పోస్టుమార్టాన్ని వీడియో తీయాలని జాతీయ మానవహక్కుల కమిషన్ 1995లోనే రాష్ట్రాలకు రాసింది. వీడియో కత్తి చేసిన పనిని చూపుతుంది. స్కానింగు కత్తి ముట్టకముందు ఉన్నదాన్ని చూపుతుంది. ఇటువంటి కేసులలో స్కానింగును కత్తికి బదులుగా కాదు, కత్తికి ముందు, తప్పనిసరిగా అడగాలి. మత గౌరవం పేరుతో శవపరీక్షే వద్దని కుటుంబం చేత రాయించుకోవడం ఇటువంటి సందర్భాలలో ఎవరికి మేలు చేస్తుందో విడమరచి చెప్పనక్కరలేదు.

స్కానింగులో మరొక గుణముంది. శవాన్ని మూసిన సంచిలో ఉంచే యంత్రంలోకి పంపవచ్చు. స్త్రీల విషయంలో 1987 నాటి తీర్మానం పెట్టిన షరతు, స్త్రీ డాక్టరు లేని చిన్న ఆసుపత్రులలో ఇన్నాళ్లూ కాగితం మీదనే ఉంది. చిత్రం తీసే దశలోనైనా బట్ట తీయనవసరం లేకపోవడం చిన్న విషయం కాదు. కోయడం గురించి ఇంత మాట్లాడేవారు సత్ర్ గురించి మాట్లాడకపోవడం వింత.

అయితే ఈ గుణం వెంటనే కొత్త మస్అలాను తెచ్చిపెడుతుంది. ఆ చిత్రాలనుండి కంప్యూటరు మనిషి ఆకారాన్ని, ముఖాన్ని సహా, తిరిగి కట్టగలదు. సంచి తెరవకపోయినా శరీరం తెరమీద కనిపిస్తుంది. ఆ చిత్రాలను ఎవరు చూడవచ్చు, కేసు ముగిసిన తరువాత ఎన్నాళ్లు ఉంచవచ్చు, విద్యార్థులకు చూపవచ్చునా, వారసులు తుడిచివేయమని అడగవచ్చునా? అలాగే లీస్టర్ పద్ధతిలో మెడ దగ్గర చేసే చిన్న కోత, విషపరీక్ష కోసం సూదితో తీసే రక్తం ఏ కొలతలోకి వస్తాయి? కోసి తీసిన భాగాలన్నిటినీ ఖననం చేయాలని మక్కా తీర్మానం చెప్పింది. కోయకుండా తీసిన వాటి గురించి చెప్పే అవకాశం ఆ తీర్మానానికి లేదు. తెలుగునాట దారుల్ ఇఫ్తాలలో ఈ ప్రశ్నలు వేయవలసినవారు మార్చురీ డాక్టర్లు, లాయర్లు. ఉలమా వద్దకు వారు ఇంతవరకు ఎక్కువగా వచ్చింది కోయవచ్చునా, కోయరాదా అన్న ఒక్క ప్రశ్నతోనే.